సున్నా ఏడు సున్నా సున్నా సున్నా ఒకటి

క్షమాపణ కాగితం శనివారానికి హైదరాబాదు చేరాలి. సంతకం పెట్టి పంపితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని గురువారం పొద్దున తిరువూరు పోస్టాఫీసు మెట్లెక్కాను. మా నాయన అంతోనయ్య వెనకాలే వచ్చి గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, మే నెల. రోడ్డంతా మామిడికాయల బళ్ళు.

సంగతి చిన్నదే. మా హైదరాబాదు ఆఫీసులో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటే పేరు, ఒకటే రంగు. కాలవ నీటి లెక్కలకి నేను సి భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. మొదటిదాంట్లో నడిచింది. రెండోదాంట్లో నడుమ ఆగిపోయింది. రెండోదాని ప్రాసెసరులో గుణకారం చేసే బోర్డు లేదన్నాను. ఉందని కాగితాల్లో ఉంది. అన్నీ సరిచూసుకున్నామని ఆ కాగితాల మీద సంతకం చేసింది మా ఆఫీసరు సీతారామారావుగారు.

"కాగితంలో ఉంటే యంత్రంలో ఉన్నట్టే," అన్నారాయన. "పైగా ఇంకో కంపైలరుతో చేస్తే నీ ప్రోగ్రామే దాంట్లో నడిచింది. బోర్డు లేకపోతే ఎట్లా నడుస్తుంది? కార్డులు గుచ్చేవాడికి ప్రోగ్రాములు రాసే కుర్చీ వేస్తే ఇట్లాగే ఉంటుంది."

కంపైలరంటే మనం రాసినదాన్ని యంత్రం మాటల్లోకి మార్చేది. మా దగ్గర రెండు రకాలవి ఉన్నాయి. గుణించమని రాస్తే ఒకటి నేరుగా బోర్డునే అడుగుతుంది. రెండోది బోర్డు జోలికి పోదు, కూడికల మీద కూడికలు వేసి లెక్క తేలుస్తుంది. అది నడిచినంత మాత్రాన బోర్డు ఉన్నట్టు కాదు. ఈ నాలుగు ముక్కలూ ఆయన ముందు చెప్పలేకపోయాను. తప్పు నాదేనని ఆయన టైపు చేయించిన క్షమాపణ కాగితం తీసుకుని, సెలవు చీటీ రాసిచ్చి ఇంటికొచ్చాను.

నాయనకి చెప్పాను. ఎద్దుల బేరమంటే చుట్టుపక్కల నలుగురూ ఆయన్నే వెంట తీసుకెళతారు. చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

"కాడికి ఎటుపక్క కట్టినా లాగుతుందని అమ్మేవాడు చెబుతాడు. దాని తోడబుట్టింది లాగుతుందనీ చెబుతాడు. కట్టి చూడాలి. ఒట్టి బండికే కట్టాలి. చతికిలబడితే కాడి తప్పించడానికి ఒకడు పక్కనుండాలి."

"ఎద్దునే అడగాలంటావు."

"మరెవర్నడుగుతావురా, పలుపుతాడునా?"

ఎద్దుని కట్టి చూసినట్టు, బోర్డు ఉందో లేదో యంత్రాన్నే అడిగే చిన్న ప్రోగ్రాం రాయడానికి ఒక పూట పట్టింది. ఆరు వరసలు. గుణకారాన్ని సి భాషలో రాస్తే ఏ కంపైలరు దాని పద్ధతిలో అది మార్చేస్తుంది. అందుకని గుణించమనే ప్రాసెసరు సొంత ఆజ్ఞనే అంకెగా పెట్టాను. అంకెని ఏ కంపైలరూ మార్చదు. ప్రోగ్రాం నేరుగా ఆ అంకె మీదికి పోతుంది. ఆ ఆజ్ఞ ప్రాసెసరుకి తెలిస్తే ఒకటి అని జవాబు. తెలియకపోతే ప్రాసెసరు విసిరికొడుతుంది. అప్పుడు పడిపోకుండా పట్టుకుని సున్నా అని చెప్పే వరస ముందే రాసిపెట్టాను.

ఉత్తరం వేస్తే సీతారామారావుగారి చేతిలోనే పడుతుంది. అందుకే ఫోను.

పోస్టుమాస్టరు వీరరాఘవయ్యగారు ట్రంకు కాల్ కలిపి ఇచ్చారు. అవతల ప్రేమావతిగారు, నా పక్క సీట్లో పనిచేసే ఆవిడ.

"టెర్మినల్ ముందే ఉన్నానండీ. ఆయన కాఫీకి వెళ్ళారు. కానివ్వండి."

వరసలన్నీ చెప్పుకొచ్చాను. అంకెల దగ్గర గొంతు పెంచాను. "సున్నా ఏడు సున్నా సున్నా సున్నా ఒకటి."

వెనక వరసలో నిలబడ్డ మామిడికాయల వ్యాపారి చెవి రిక్కించాడు. "బొంబాయి మట్కా నంబరా అబ్బాయ్? ఓపెనింగా, క్లోజింగా?"

"కామా. సున్నా రెండు సున్నా ఏడు."

"నా పేరున కూడా ఒకటి కట్టించు, నీ పుణ్యం."

వీరరాఘవయ్యగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఇందాకట్నించీ వింటున్నా, నీ నోట ఎనిమిదీ తొమ్మిదీ రావేంటయ్యా?"

"ఆ యంత్రానికి లెక్క ఏడు దాకానేనండి."

"మరి నవగ్రహాల గతేంటి?"

వ్యాపారి నవ్వాడు. మూడు నిమిషాలైందని ఆపరేటరు చెప్పింది. పొడిగించమన్నాను. వైర్లో గాలి చప్పుడు. ఆవిడ టైపు చేసే చప్పుడు. జేబులో కాగితం చెమటకి తడిసింది.

"లాజరుగారూ. మొదటి యంత్రం ఒకటి అంది. రెండోది సున్నా. రెండు కంపైలర్లతోనూ చూశాను. అదే జవాబు."

"రెండోదాంట్లో మొదటి కంపైలరుతో కూడా ప్రోగ్రాం ఆగిపోలేదు కదా?"

"లేదండీ. బుద్ధిగా సున్నా అని చెప్పి ముగించింది. అయ్యో, సార్ వచ్చారు."

ఫోను చేతులు మారింది.

"ఏంటయ్యా ఇది, లాజరూ?"

"బోర్డు లేదండి."

ఆయన గొంతు తగ్గించారు. "బోర్డు నేను నెమ్మదిగా తెప్పిస్తాను. నువ్వు సంతకం పెట్టి పంపు. వచ్చే ఏడు ప్రమోషనుకి నీ పేరే రాస్తాను. ఎవరికీ నష్టం లేదు."

"యంత్రం సున్నా అంది సార్."

"నేను చెప్పేది విను."

"విన్నానండి. యంత్రం సున్నా అంది."

ఫోను పెట్టేశారు. నేనూ పెట్టేశాను.

దారం కట్టిన పోస్టాఫీసు కలం తీసుకుని కాగితం బల్ల మీద పరిచాను. టైపు చేసిన నాలుగు వాక్యాలూ అడ్డంగా కొట్టేశాను. కింద ఖాళీలో నా ఆరు వరసలూ రాశాను. వాటి కింద ఇంకొక్క మాట: దీన్ని ఏ కంపైలరుతోనైనా, ఎవరి ముందైనా ఆ రెండు యంత్రాల మీద నడపండి, వచ్చిన జవాబుకి నేను కట్టుబడతాను. సంతకం పెట్టాను. కవరు మీద సీతారామారావుగారి పేరు కాదు, ఆయన పైఅధికారి పేరు రాశాను. రిజిస్టరు చేయమన్నాను.

వీరరాఘవయ్యగారు ముద్ర గట్టిగానే కొట్టారు. "ఏడు దాకా లెక్కపెట్టేదైనా నిజమే చెప్పిందన్నమాట," అన్నారు.

మెట్ల దగ్గర నాయన తల ఎత్తాడు. "పెట్టావా సంతకం?"

"పెట్టాను."

"దేని కింద?"

"నేను రాసినదాని కింద."

తువ్వాలు దులుపుకుని లేచాడు.

"ఉద్యోగంలోంచి తీసేస్తే ఎద్దులు తోలుకోవాలి నాయనా," అన్నాను.

"తోలు. తెలీని పనా?" అన్నాడు. విస్సన్నపేట బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఎక్కి కూర్చున్నాం.