బుట్టలో మూడు కోట్లు

"మూసేస్తుందట," అంది ఇల్వా, గుమ్మంలోనే నిలబడి. "హెడ్విగ్ నాలుగింటికి వచ్చి మూసేస్తానంది. నా చెవులతో విన్నాను."

సిక్స్‌టెన్ చేతిలో కాగితాలు జారలేదు గానీ మొహం జారింది. ఒక్క అంగలో మెట్ల దగ్గరికి వెళ్ళాడు. కింద యజమానురాలు హెడ్విగ్ గొడుగు విదిలించుకుంటోంది. బూరోస్ ఊళ్ళో నవంబరు నెలంటే ఆ విదిలింపే సగం పని.

"హెడ్విగ్, ఇవాళే మూసేస్తావా?"

"చూసేస్తానన్నాను. చూసేస్తా. నాలుగింటికి ఆఖరి మనిషి కోటు కొనడం నా కళ్ళతో చూస్తాను. కొనగలిగితే సరే. కొనలేకపోతే అప్పుడు మూసేస్తాను."

"అయితే నేను కాస్త ముందుగా విన్నానంతే," అంది వెనకనుంచి ఇల్వా.

మూసేసేది బట్టల కంపెనీని కాదు, దాని వెబ్‌సైట్‌ని తయారుచేసే విభాగాన్ని. ఆ విభాగంలో ఉన్నవి ఈ రెండు ప్రాణాలు, ఒక కిటికీ. వీళ్ళని పంపించేసి, యెతెబొరి నగరం నుంచి రెడీమేడ్ వెబ్‌సైట్ తెచ్చి తగిలించుకుంటానని హెడ్విగ్ వేసవి నుంచీ అంటూనే ఉంది. బట్టలంటే రెడీమేడ్ కొంటాం, బట్టల కొట్టుని కూడా రెడీమేడ్‌గా కొంటామా అన్నది సిక్స్‌టెన్ బాధ. యాభై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. ఈ ఊళ్ళో ఆ వయసు వాణ్ణి ఎవరు తీసుకుంటారో ఆయనకి తెలుసు. ఎవరూ తీసుకోరు.

పద్నాలుగు నెలలు కూర్చుని కట్టిన సైటు. అందులో ఆయన ప్రాణమంతా పెట్టుకున్నది కొలతల పేజీ. భుజం, ఛాతీ, మోచెయ్యి, మణికట్టు, అన్నీ కొలుచుకుని అంకెలు వేస్తే మీ సైజు ఇదీ అని చెబుతుంది. అలాంటిది ఎవరికీ లేదని ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ రెండంగుళాలకీ పేజీలో గడి ఉంది.

సైటుని వాడి చూసే పరీక్షకి ఊళ్ళోంచి ఐదుగురిని పిలిచారు. చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. బల్లమీద కాగితం: 'నీకోసం ఒక వానకోటు కొను.' పక్క గదిలో ఇంకో తెర. లోపలి మనిషి ఏం చేస్తున్నదీ అందులో అచ్చంగా కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. వచ్చినవాళ్ళు మనసులో అనుకున్నదల్లా పైకి అనాలి. చూసేవాళ్ళు మాత్రం పెదవి విప్పకూడదు. ప్రశ్నలేమైనా ఉంటే అన్నీ అయ్యాక, ఐదుగురినీ కూర్చోబెట్టి కాఫీ పోసి అడగాలి.

మొదట వచ్చినవాడు టోర్కెల్, బస్సు నడుపుతాడు. "అనుకున్నదల్లా పైకి చెబుతుండు," అని సిక్స్‌టెన్ రెండుసార్లు చెప్పాడు. టోర్కెల్ తల ఊపాడు. పదకొండు నిమిషాల్లో ఆయన పైకి చెప్పినది, ఊపిరి లోపలికి పీలుస్తూ అన్న రెండు 'ఊఁ'లు. పనంతా అయ్యాక తెర మీద బుట్ట పక్కన అంకె పడింది. మూడు.

"ఒకటి కదా కొనమన్నాం," అన్నాడు సిక్స్‌టెన్ గొంతు తగ్గించి.

"వేలు జారుంటుంది," అంది ఇల్వా.

టోర్కెల్ బయటికొచ్చి "బాగుంది" అన్నాడు. సిక్స్‌టెన్‌కి అది పరామర్శకి వచ్చినవాళ్ళు అనే బాగుందిలా వినిపించింది.

రెండో మనిషి మందుల షాపులో పనిచేసే వివెకా. పేరులోనే వివేకం ఉంది, బుట్టలో ఉండకపోతుందా అనుకున్నాడు. పైకి ఒక్క ముక్క అనకుండా చకచకా రంగు ఎంచింది, సైజు నొక్కింది, బుట్టలో వేసింది. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెనక్కి. మూడు. ఆ మూడు చూశాక సిక్స్‌టెన్‌కి మూడ్ అన్నదే లేకుండా పోయింది.

"తెలిసింది," అంది ఇల్వా. "కోటు బుట్టలో పడిందో లేదో వాళ్ళకి తెలీడం లేదు. అందుకని మళ్ళీ వెళ్ళి, తొందరలో వేరే సైజు నొక్కేస్తున్నారు. మీట చిన్నదైపోయింది."

మీట పెద్దది చేసింది. చిలకపచ్చ రంగు వేసింది. నొక్కగానే 'బుట్టలో పడింది' అని తెరంత అక్షరాలతో వచ్చేలా చేసింది. మూడోవాడు రూనె, చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఆ అక్షరాలు మూడుసార్లు వచ్చాయి. మూడుసార్లూ పైకి అంటూ శ్రద్ధగా చదివాడు. బుట్టలో మూడు కోట్లు. సామాన్యుడి బుట్టలో మూడు కోట్లు పడితే పండగ చేసుకుంటాడు. సిక్స్‌టెన్ గోడకి తల ఆనించాడు.

నాలుగో మనిషి రెండింటితో ఆగింది. ఇల్వా కుర్చీలోంచి సగం లేచింది కూడా. ఆవిడ ముక్కు చీదుకుని మూడోది వేసింది.

మూడుంపావు అయింది. బయట వాన.

"నేను తప్పుగా కట్టాను," అన్నాడు సిక్స్‌టెన్. "ఎక్కడో మొదట్లోనే తప్పుగా కట్టాను. ఎక్కడో కూడా తెలీడం లేదు. నలుగురు మంచివాళ్ళు. నలుగురినీ ఒక్కలాగే తికమక పెట్టానంటే, నా బుర్ర ఎంత తికమకగా ఉండాలి."

"ఇప్పుడు ఏడవకు. ముప్పావుగంట ఉంది."

"ఏడవడం లేదు. చెమట."

"కళ్ళకి చెమట పట్టడం నేనెప్పుడూ చూడలేదులే." ఇల్వా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "విను. బుట్టకి తాళం వేద్దాం. ఒకటి పడ్డాక రెండోది పట్టదు. ఐదో మనిషి మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు నొక్కినా ఒకటే ఉంటుంది. హెడ్విగ్ చూసేది ఆ ఒక్కరినే కదా."

"అది మోసం."

"మరి వానలో పెట్టె మోసుకుంటూ ఇంటికి పోవడం?"

ఆయన తెరని చూశాడు, కిటికీని చూశాడు. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క గుండీ ఊడిన చొక్కాని కూడా కావాలని అమ్మినవాడు కాదు. ఇవాళ గుండె ఊడుతోంది. "వెయ్యి," అన్నాడు. చెయ్యి ఇల్వాది, పాపం తనది అని మనసులో రాసుకున్నాడు.

నాలుగింటికి హెడ్విగ్ వచ్చి పక్క గదిలో తెర ముందు కూర్చుంది. కోటు విప్పలేదు. అది ఎక్కువసేపు ఉండనన్న సూచన.

ఐదో మనిషి సోల్వెయ్, డెబ్భై ఒక్క ఏళ్ళు, బడిలో వంటమనిషిగా చేసి మానేసింది. "మీరు ఇక్కడ కూర్చోండి," అన్నాడు సిక్స్‌టెన్ భయంలో. యజమానురాలినైనా 'నువ్వు' అనే ఊరది.

"మీరేంటి నాయనా, నేనేమైనా రాణినా? నువ్వను చాలు," అంటూ కూర్చుంది. అనుకున్నదల్లా పైకి చెప్పమన్నాడు. డెబ్భై ఏళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు మొదలుపెట్టింది.

"ఇదిగో నీలంది. నీలం వద్దు, మా వదినకి నీలం ఉంది. పసుపు, బాగుంది, కారు వాళ్ళకి కనిపిస్తుంది. ఎమ్ సైజు. పడింది. అబ్బో, ఎంత పెద్ద అక్షరాలు, నా కోసమే పెట్టారా. ఇప్పుడు ఎల్." ఆగింది. "బుట్ట నిండింది అంటోంది. ఒక్క కోటుకే నిండేది బుట్టెలా అవుతుంది, జేబు అవుతుంది గానీ." మళ్ళీ నొక్కింది. మళ్ళీ నిండింది. "పట్టదా? సరే. అయితే నాకొద్దులే."

పడ్డ ఒక్క కోటునీ బుట్టలోంచి తీసేసింది. హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. కుర్చీ మర్యాదగా వెనక్కి జరిపి, "చాలా బాగుంది," అంది తెరతో.

సున్నా. పద్నాలుగు నెలల పనికి ఆ గుండ్రం అంకె సరిగ్గా సరిపోయింది. హెడ్విగ్ లేచింది. "నేను చూడాల్సింది చూశాను, సిక్స్‌టెన్. నాకూ కష్టంగానే ఉంది."

ఆయన తలుపు తోసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. ఇక మిగిలింది ఏముందని నియమం.

"సోల్వెయ్, నీకు కావాల్సింది ఒక్క కోటే కదా?"

"ఒక్కటే. రెండేసుకుని ఎక్కడ తిరుగుతాను?"

"మరి రెండోది ఎందుకు నొక్కావు?"

"మూడోది కూడా నొక్కేదాన్ని, నీ బుట్ట ఒప్పుకుంటే." ఆవిడ జాలిగా చూసింది. "ఎమ్, ఎల్, దానిమీదిది. మూడూ ఇంటికొస్తాయి. స్వెటరు మీద ఒకటి, స్వెటరు లేకుండా ఒకటి వేసుకుని అద్దంలో చూస్తా. ఒకటి ఉంచుకుంటా. మిగతా రెండూ శనివారం కూరగాయలకి వెళ్ళినప్పుడు ఆ కూరగాయల కొట్లోనే ఉన్న పార్సెల్ కౌంటర్లో తిప్పి ఇచ్చేస్తా. కొనడమంటే అదేగా. వేసుకోకుండా ఎవరైనా కోటు కొంటారా?"

"కొలతల పేజీ ఉంది కదా."

"అదేం పేజీ?"

సిక్స్‌టెన్ బల్ల అంచు పట్టుకున్నాడు. కొలతల పేజీ కలతల పేజీ అయిపోయింది.

గుమ్మంలో హెడ్విగ్ నిలబడి ఉంది. "మా నాన్న రోజుల్లో ఆర్డరు కాగితం మీదే ఒక గడి ఉండేది. పైసైజు, కిందిసైజు కూడా పంపండి అని. ఊరంతా టిక్కు పెట్టేది. ముప్ఫయ్యేళ్ళుగా ఉన్నావు, మన దగ్గర ఎప్పుడూ పోస్టులో ఏదీ తెప్పించుకోలేదా?"

"నేను కింద గోడౌన్‌లో తొడుక్కుని చూసి తెచ్చుకుంటా," అన్నాడాయన.

"నేను పాతబట్టల కొట్లో కొంటా," అంది ఇల్వా నేల చూస్తూ.

"అయితే ఈ కొట్టుని కట్టినవాళ్ళిద్దరూ ఇందులో ఎప్పుడూ కొనలేదన్నమాట. మరి ఆ బుట్ట ఎందుకు నిండింది?"

ఇల్వా నోరు తెరిచింది. సిక్స్‌టెన్ చెయ్యి ఎత్తి ఆపాడు. "తాళం వేయించింది నేను. నలుగురూ మూడేసి వేశారని భయపడి. నువ్వు వచ్చేలోపే."

హెడ్విగ్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "తాళం తియ్యి. సోల్వెయ్, ఇంకోసారి కూర్చుంటావా?"

ఈసారి ఆవిడకి నాలుగు నిమిషాలు పట్టింది, అందులో రెండు వదిన గురించి. మూడు కోట్లూ బుట్టలో పడ్డాయి, ఆర్డరు ఆఖరి పేజీ దాటింది.

"సైటు ఉంటుంది," అంది హెడ్విగ్. "మీరూ ఉంటారు. ఆ కొలతల పేజీ మాత్రం రేపటికి ఉండకూడదు. దాని స్థానంలో మా నాన్న గడి పెట్టు. తాళం సంగతి మనం సోమవారం మాట్లాడుకుందాం."

కాఫీ గదిలో మిగతా నలుగురూ దాల్చినచెక్క బన్నులు తింటూ వాన తగ్గడం కోసం చూస్తున్నారు. సిక్స్‌టెన్ వాళ్ళ ముందు నిలబడి మొత్తం చెప్పాడు. మూడు కోట్లని తప్పుగా లెక్కేశామని, మీట పెద్దది చేసింది అందుకేనని, తాళం సంగతి కూడా.

"నాకు మొదటిసారే బాగా పనిచేసింది," అన్నాడు టోర్కెల్. ఆ రోజుకి అదే ఆయన అతిపెద్ద ప్రసంగం.

"మమ్మల్ని అడిగుంటే చెప్పేవాళ్ళం కదా, నలుగురం ఇక్కడే ఉన్నాం," అంది వివెకా.

"మధ్యలో అడగకూడదని నియమం."

"ఎవరు పెట్టారు ఆ నియమం?"

"నేనే," అన్నాడు సిక్స్‌టెన్.