గేటు పక్క ఇస్త్రీ బండి

ఎండ నెత్తికెక్కింది. మెకానిక్ పొద్దుటి నుంచీ ఆ చక్రం దగ్గరే ఉన్నాడు. టైరు ఊడింది. హబ్బు మాత్రం తుప్పుపట్టి ఇరుసుకి అతుక్కుపోయింది. అది వస్తేగాని లోపలి బేరింగు మార్చలేడు, బండి కదలదు.

బండి అతని అక్కది. అపార్ట్‌మెంటు గేటు పక్కన ఏళ్లుగా దానిమీదే ఇస్త్రీ చేస్తోంది. గేటుకి కొత్త రంగు వేశారు. రంగు పక్కన బండి బాగాలేదని, ఇవాళే తీసెయ్యాలని కమిటీ మీటింగులో ఏకగ్రీవంగా తీర్మానించారు. బండి పోయేలోగా అయిపోవాలని ఆ చేత్తోనే తలో బట్టల మూటా తెచ్చి పడేశారు. పోనీ బండిని ఎత్తి పక్కన పెడదామంటే కమిటీలో సగంమందికి నడుంనొప్పి. మిగతా సగం ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు.

“కాస్త వంటనూనె పోసి చూడవయ్యా,” అన్నాడు సెక్రటరీ, గొడుగు కింద నుంచి.

“అన్నీ పోశాను సార్. తాగి కూర్చుంది.”

మెకానిక్ హబ్బుని బయటికి లాగే పుల్లర్ తగిలించి బిగించాడు. హబ్బు చుట్టూ మంటపెట్టి కాల్చాడు. సుత్తి అందుకున్నాడు.

“ఊడితే బండి ఎక్కడ పెడదాంరా?” అంది అక్క.

“మా షెడ్డు వెనక.”

“అక్కడ నాకు బట్టలెవరిస్తార్రా, నీ గ్రీజు గుడ్డలు తప్ప?”

అతను సుత్తి ఎత్తాడు. కొట్టాడు. చెమట కళ్లల్లోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకుని మళ్లీ కొట్టాడు. చివరికి ఫట్‌మని హబ్బు వదిలింది. సెక్రటరీ చప్పట్లు కొట్టాడు, తనే ఊడదీసినట్టు.

బేరింగు మార్చి, చక్రం బిగించాక, మెకానిక్, వాచ్‌మన్ కలిసి బండిని సందు చివరిదాకా తోశారు. గేటు పక్కన నాలుగు పలకలుగా ఖాళీ నేల మిగిలింది. అక్క అక్కడ దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె పెట్టుకుని కూర్చుంది.

“ఇదేంటమ్మా?” అన్నాడు సెక్రటరీ.

“బండి తియ్యమన్నారు. తీశాం కద సార్.”

“బండంటే... నువ్వు కూడానమ్మా.”

“నేను పోను సార్.”

మెల్లగానే అంది. పెట్టెలో నిప్పులు ఊదుకుంది. సెక్రటరీ కమిటీ వైపు చూశాడు. కమిటీ మూటల వైపు చూసింది.

“ఏయ్ వాచ్‌మన్, ఆ దుప్పటి తీసెయ్.”

వాచ్‌మన్ అరచేతుల తుప్పు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒక చెయ్యి అయ్యాక రెండోది. నిలబడ్డచోటు నుంచి కదల్లేదు.