పద్నాలుగుసార్లు నీళ్ళు

పిల్లాడి పెదాలు పగిలి ఉన్నాయి. గీతలక్క ముందు చూసింది అదే.

పొద్దున్న తొమ్మిది గంటలకు, కుట్టుమిషన్ ఆవిడ అయిదేళ్ళ కొడుకుని భుజాన వేసుకుని, మాటలు రాని పిల్లల సెంటరు తలుపు తోసుకుని వచ్చింది. వాడు ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టు తల్లి మెడ మీద తల వాల్చేశాడు. ఆయా పరుగున సీసా తెచ్చి నోటికి అందిస్తే రెండు చేతులతో పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా తాగాడు.

"ఏమైందమ్మా వీడికి?" అంది గీతలక్క.

"అడగలేదండీ" అంది తల్లి. "నిన్న సాయంత్రం నుంచి గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నా. 'నీళ్ళు అను నాన్నా, ఇస్తాను' అని బతిమాలా. వేలు చూపించాడు, ఏడ్చాడు, నా చెయ్యి కొరికాడు. మాట మాత్రం రాలేదు. ఇక్కడ అడుగుతున్నాడటగా? నా దగ్గరే మొండికేస్తున్నాడనుకున్నా."

"ఇక్కడ అడుగుతున్నాడని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే! మీ సంతకంతో!"

ఆవిడ సంచిలోంచి కాగితం తీసింది. నెలాఖరుకి తల్లిదండ్రులకు ఇచ్చే రిపోర్టు అది. 'సోమవారం. నాలుగు గంటలు. పిల్లవాడు నీళ్ళు అని సొంతంగా పద్నాలుగుసార్లు అడిగాడు.' కింద గీతలక్క సంతకం, తోక తిప్పి మరీ ఉంది.

ఆ సోమవారం ఈ సెంటరు తలుపే తీయలేదు. ఆదివారం పైపు పగిలి గదుల్లో మడమల దాకా నీళ్ళు నిలిచాయి. రావద్దని పిల్లలందరి ఇళ్ళకీ ఫోన్లు చేశారు.

ఛీ! ఇంతకన్నా నీచం ఉంటుందా చెప్పండి. దొంగలు ఇల్లు దోస్తారు, జేబు కొడతారు. పిల్లాడి నోట్లో లేని మాటను అమ్ముకునే దొంగల్ని మీరెక్కడైనా చూశారా? గీతలక్క చూసింది. ఎనిమిది నెలలుగా వాళ్ళ దగ్గరే పనిచేస్తోంది.

ఆమెకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలి. ఈ పనిలో పిల్లాడు ఎన్నిసార్లు కళ్ళలోకి చూశాడు, ఎన్నిసార్లు వేలు చూపించాడు, ఎన్నిసార్లు మాట అన్నాడు అని లెక్క రాయాలి. పిల్లాడి చెయ్యి వదిలి పుస్తకం తెరిచే తీరిక ఉండదు. అందుకని ముంజేతి మీద కాగితం టేపు అంటించుకుని, ఒక్కోసారికి ఒక్కో గీత గీస్తారు. సాయంత్రం టేపు చూసి ఫైలులో అంకె ఎక్కిస్తారు. తక్కినవాళ్ళు ఆ టేపు చెత్తబుట్టలో వేస్తారు. ఈవిడ మాత్రం తారీకు వేసి ఒక నోటుపుస్తకంలో అంటించుకుంటుంది. అందుకే గీతలక్క.

మరి సంతకం ఎలా వచ్చింది? ఆమే ఇచ్చింది. చేరిన రోజున, "కొత్త సెంటరు కదా అక్కా, పర్మిషన్లకి ఆఫీసుల చుట్టూ తిరగాలి, ప్రతిసారీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకు" అని సెంటరు యజమాని, అందరూ సారు అనే ఆయన, ఇరవై తెల్లకాగితాలు ముందు పెడితే, పెన్ను కూడా ఆయనదే తీసుకుని పెట్టేసింది. అందరూ పెట్టారు. ఆ సంతకాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకున్నాడు, ఏ కాగితం కిందైనా అంటించుకోవచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

మధ్యాహ్నం ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఆ సోమవారం తెరిచింది. ముప్పై ఒక్కమంది పిల్లలు. ముప్పై ఒక్క ఫైళ్ళలోనూ అదే వాక్యం. ముప్పై ఒక్కమందీ పద్నాలుగుసార్లు నీళ్ళడిగారు. పొద్దున్న లేస్తే పడుకునేదాకా బస్సుల నంబర్లు తప్ప మరో మాట మాట్లాడని బస్సుల పాప కూడా అడిగింది. పైగా ఆ పాప ఫైలులోనూ 'పిల్లవాడు' అనే ఉంది. గీతలక్కకు ముందు నవ్వొచ్చింది.  తర్వాత బాత్రూములోకి పోయి వాంతి చేసుకుంది.

సారు డాక్టరు కాదు, టీచరు కాదు. నిన్నమొన్నటిదాకా ఇళ్ళస్థలాలు అమ్మాడు. పిల్లల వైద్యానికి ఇన్సూరెన్సు కంపెనీ పావుగంట లెక్కన డబ్బిస్తుందని తెలిసి ఈ రంగంలోకి దిగాడు. రోజుకు నాలుగు గంటలు మంజూరైన పిల్లాడికి రెండు గంటలు పని చేయించి, మిగతా రెండు గంటలు టీవీ గదిలో పడేస్తాడు. ఫైలులో మాత్రం నాలుగూ వైద్యమే. గోడల మీద రంగురంగుల బొమ్మలు, నేల మీద మెత్తటి చాపలు. పైన పటారం, లోన లొటారం. సారు మొహాన ఎప్పుడూ చిరునవ్వు ఉంటుంది. అది చూస్తే జిడ్డు కడగని గిన్నెలో చెయ్యి పెట్టినట్టుంటుంది.

బుధవారం సాయంత్రం పిల్లలు వెళ్ళాక సారు మీటింగు పెట్టాడు. తొమ్మిదిమంది టీచర్లు, ఆయా చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

"శుక్రవారం ఇన్సూరెన్సు రికార్డుల తనిఖీకి సర్కారు ఆఫీసరుగారు వస్తున్నారు" అన్నాడు సారు. "భయపడాల్సిందేమీ లేదు. ఒక చిన్న డిక్లరేషన్. 'ఈ రికార్డులన్నీ నేనే రాశాను, అన్నీ నిజం' అని. సంతకం పెట్టి ఇచ్చేయండి."

ఎవరూ పెన్ను తీయలేదు.

"అమ్మా, కంప్లయన్స్ అంటే ఏంటో తెలుసా మీకు? చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. పిల్లలకి మీరు నేర్పేది అదేగా?"

"ఆ లెక్కన మీ దగ్గర అందరికన్నా కంప్లయన్స్ ఉన్నది జిరాక్సు మిషనుకేనండీ" అంది ఆయా. "ఒక్కటి పెడితే ముప్పై ఒకటి తీసింది."

కొత్తగా చేరిన టీచరు పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. సారు కూడా నవ్వాడు.

"జోకులు బాగున్నాయి. సరే, నిజం చెబుతాం అంటారు. సెంటరు మూతపడుతుంది. ఆ పిల్లలు రోడ్డున పడతారు. ఆ ఉసురు ఎవరికి? ఇంకో మాట. ఏ ఫైలు తీసినా సంతకాలు మీవే. నాది ఒక్కటైనా ఉందేమో వెతుక్కోండి."

అదీ సంగతి! కష్టం వీళ్ళది, రోగం పిల్లలది, లాభం ఆయనది, జైలు మళ్ళీ వీళ్ళది. దోచుకునేవాడు ఎప్పుడూ సంతకం పెట్టడు. పెట్టించుకుంటాడు.

"రేపటిదాకా టైముంది" అని సారు లేచాడు. గీతలక్క డిక్లరేషన్ మడిచి సంచిలో వేసుకుంది. పెడితే ఉద్యోగం ఉంటుంది, పిల్లాడి మీద రాసిన అబద్ధం నిజమైపోతుంది. పెట్టకపోతే, ఫైళ్ళలో సంతకం తనదే కాబట్టి, దొంగ తనే అవుతుంది.

గురువారం కుట్టుమిషన్ ఆవిడ పనిచేసే షెడ్డులో, గుడ్డముక్కల మూటల మీద పాతికమంది తల్లిదండ్రులు కూర్చున్నారు. గీతలక్క అంతా చెప్పింది. షెడ్డు అట్టుడికిపోయింది.

"ఆగండాగండి" అన్నాడు బస్సుల పాప తండ్రి. గ్యారేజీ మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు ఇంకా ఉంది. "రెండు గంటలైనా చూస్తున్నారా లేదా? అదీ పోతే మా ఆవిడ పని మానుకోవాలి. నా ఒక్కడి జీతంతో అద్దె కట్టాలా, తిండి తినాలా? దొంగైతేనేం, ఉన్న సెంటరు అదొక్కటే."

"నీ కూతురు మాట్లాడుతుంది కాబట్టి నీకలా ఉంది!" అంటూ ఒకామె లేచింది.

"మాట్లాడితే? బస్సు నంబరు చెబితే అన్నం పెడతారా ఎవరైనా?"

కుట్టుమిషన్ ఆవిడ ముందుకు జరిగింది. "నేను నా చేత్తో నా బిడ్డకి నీళ్ళు లేకుండా చేశాను" అంది. "వాడు వేలు చూపిస్తుంటే, కాదు, మాట అను అన్నాను. రాక్షసినా నేను? కాగితం నమ్మాను. సారు రెండు గంటలు పెట్టి, నాలుగు గంటల డబ్బు మింగి, వాడి నోట్లో మాట కూడా అమ్ముకున్నాడు. ఆ రెండు గంటలు ఆయన దానం కాదు. మనం నెలనెలా కట్టిన ఇన్సూరెన్సు." అని గీతలక్క వైపు తిరిగింది. "మరి నీ సంగతేంటి? టీవీ గది నీకు తెలీదా?"

"తెలుసు" అంది గీతలక్క. "ఎనిమిది నెలలుగా తెలుసు. జీతం ఆగిపోతుందని ఊరుకున్నా."

"ఛీ!" అన్నారెవరో వెనకనుంచి.

"అనండి. నేనూ అనుకుంటున్నా. నోరులేని పిల్లలకి మాటలు నేర్పేదాన్ని, నాకే నోరు లేకపోయింది."

 మెకానిక్కే మళ్ళీ అడిగాడు. "అయితే ఆ రోజు ఫైలులో నిజంగా ఏం రాయాలి?"

"సున్నా."

"సున్నా అని రాస్తే పిల్లలకి నామోషీ కాదూ?"

"కాదన్నా. మా పనిలో సున్నా కూడా అంకే. ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెబుతుంది. పద్నాలుగు అని రాసిన పిల్లాడికి ఇంక ఎవరూ నేర్పరు. వచ్చేసిందనుకుంటారు."

మెకానిక్కు గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. "రేపు సెలవు పెడతా" అన్నాడు చివరికి.

శుక్రవారం పదకొండు గంటలకు ఆఫీసరు వచ్చాడు. సారు ఎదురెళ్ళి కుర్చీ లాగాడు. ముప్పై ఒక్కమంది పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ హాలంతా నేల మీద కూర్చుని ఉన్నారు. ఆఫీసరు కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ బల్ల దగ్గరికి చేరాడు.

"డిక్లరేషన్లు ఏవి?"

గీతలక్క తన కాగితం బల్ల మీద పెట్టింది. సంతకం లేదు.

ఆఫీసరు ఫైలు తిప్పి చూపించాడు. "ఇది మీ సంతకమేనా?"

"సంతకం నాదే. రాత నాది కాదు."

"అది కోర్టులో చెప్పుకోండి."

"నమ్మి సెంటరంతా చేతిలో పెట్టానండీ" అన్నాడు సారు. ఆ ఒక్క క్షణమే నవ్వు ఆపాడు. "ఇంత పని చేస్తుందనుకోలేదు."

"చదవండి!" అంది కుట్టుమిషన్ ఆవిడ, కొడుకుని చంకనెత్తుకుని లేస్తూ. "ఆ సోమవారం పైకి చదవండి. మేమూ వింటాం."

ఆఫీసరు విసుగ్గా చదివాడు. "ఒకటో నంబరు పిల్లవాడు. నీళ్ళు. పద్నాలుగుసార్లు."

"సున్నా!" అందామె.

"రెండో నంబరు. నీళ్ళు. పద్నా..."

"సున్నా!" అన్నాడు ఒక తాత.

మూడు, నాలుగు, అయిదు. ఒక్కొక్కరే లేచారు. పన్నెండో నంబరుకి మెకానిక్కు లేచి, "పిల్లవాడు కాదండీ, పిల్ల! సున్నా!" అని అరిచాడు. పాప తండ్రి గొంతు విని బస్సు నంబరొకటి గట్టిగా చెప్పింది. పదిహేనో ఫైలు దగ్గర ఆఫీసరు చదవడం ఆపేశాడు. జనం ఆపలేదు.

"ఆ రోజు ఇక్కడ నీళ్ళకి కరువేం లేదు బాబూ" అంది ఆయా. "మడమల దాకా ఉన్నాయి. బకెట్లతో తోడిపోసింది నేనే."

గీతలక్క నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. ఎనిమిది నెలల టేపులు, మాసిపోయి, అంచులు లేచి. ఆ సోమవారం తారీకు కింద ఖాళీ. ఆఫీసరు చూశాడు. చూడలేదని ఎవరూ అనలేరు. చూసి, సారు మొహం వైపు చూసి, ఫోను తీశాడు.

పోలీసులు వచ్చింది సారు కోసం కాదు. సంతకం ఎవరిదో వాళ్ళ కోసం. సర్కారు కళ్ళకి సంతకం కనిపిస్తుంది, పెట్టించిన చెయ్యి కనిపించదు. సారు లోపలి గదిలో ఆఫీసరుకి టీ పోయిస్తున్నాడు.

గీతలక్క జీపు ఎక్కబోతుంటే కొత్తపిల్ల అడ్డం వచ్చింది.  చేతిలోని తన డిక్లరేషన్ని నిలువునా చించింది. "ఆ ఫైళ్ళలో నా సంతకం కూడా ఉంది. నన్నూ రాసుకోండి."

"నన్నూ."

"నన్నూ." మిగతా ఎనిమిదిమంది టీచర్లూ వచ్చి జీపు చుట్టూ నిలబడ్డారు.

"జీపులో చోటు లేదమ్మా!" అన్నాడు కానిస్టేబులు.

"అయితే నడిచొస్తాం" అంది కొత్తపిల్ల.

గీతలక్క నోటుపుస్తకాన్ని, కాగితం టేపు చుట్టనీ కుట్టుమిషన్ ఆవిడ చేతిలో పెట్టి జీపెక్కింది. వెనక అద్దంలోంచి చూసింది. ఆ తల్లి ముందు కొడుక్కి సీసా ఇచ్చింది. వాడు తాగినంతసేపూ ఆగింది. తర్వాత వాడి కళ్ళలోకి చూసి, "నీళ్ళు" అంది నెమ్మదిగా. వాడు ఏమీ అనలేదు. ఆవిడ కాగితం టేపు చింపి ముంజేతికి అంటించుకుని, మీద సున్నా చుట్టి, చెయ్యి పైకెత్తి జీపు వైపు చూపించింది. టేపు చుట్ట చేతులు మారింది. మెకానిక్కు చెయ్యి లేచింది, ఆయా చెయ్యి లేచింది. వీధిలో వెళ్తున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"సున్నా! సున్నా!"

జీపు మలుపు తిరిగినా ఆ కేక వినిపిస్తూనే ఉంది. కానిస్టేబులు మెడ తిప్పి చూశాడు. "ఏంటమ్మా అది? నినాదమా?"

"లెక్క" అంది గీతలక్క. "ఎనిమిది నెలల్లో మొదటిసారి నిజం రాశారు. ఇక అక్కణ్ణుంచి మొదలుపెడతారు."