నా చెవి మీద నిలిచిన ఫోకస్

ఫోకస్ తప్పింది మా ఆయన చేతిలో. పని పోయింది నాకు. ఈ న్యాయం చేసింది మీరే, డైరెక్టర్ గారూ. పక్కన నిలబడి తలూపింది మీరు, కెమెరామన్ గారూ. ఇద్దరూ పెద్దమనుషులు. ఇద్దరూ కలిసి పిల్లల ప్రేమ గురించి సినిమా తీస్తున్నారు. జరిగింది మీకు తెలిసిందే కావచ్చు, నా నోటి నుంచి మాత్రం వినలేదు. వినండి.

నేను స్టాండిన్‌ని. తెర మీద కనపడని పని కాబట్టి అదేమిటో చెప్పాలి. హీరోయిన్ మేకప్ వేసుకుంటున్నంతసేపూ ఆమె నిలబడాల్సిన చోట నేను నిలబడతాను. నేల మీద అతికించిన రంగు టేపు ముక్క నా చోటు, దాన్నే మార్కు అంటారు. లైట్లు నా ముఖం మీద సర్దుతారు. దూరాలు నా కంటి నుంచి కొలుస్తారు. అంతా కుదిరాక ఆమె వచ్చి నిలబడుతుంది, నేను పక్కకి తప్పుకుంటాను. మా ఆయన ఫోకస్ పుల్లర్. మనిషి ముందుకి జరిగినా వెనక్కి జరిగినా ముఖం మసకబారకుండా లెన్స్ చక్రం తిప్పుతూ ఉండటం ఆయన పని. షాటు షాటుకీ కొలత టేపు పట్టుకుని నా కంటి దాకా వచ్చేవాడు. అలా కొలిచి కొలిచి పెళ్ళి దాకా వచ్చాం. ఆ రోజుల్లో ఒక్కోసారి కొలిచిందే మళ్ళీ కొలిచేవాడు. లైట్‌మెన్ నవ్వేవాళ్ళు.

ఈ సినిమా స్కూలు ఆఖరి సంవత్సరం పిల్లల కథ. హీరో కుర్రాడికి ఇదే మొదటిది. బెదురు. హీరోయిన్ కళ్ళలోకి చూస్తే డైలాగు మింగేస్తాడు. అందుకని, డైరెక్టర్ గారూ, మీరే నన్ను పిలిచి, వాడికి రిహార్సల్ నువ్వు ఇవ్వమ్మా అన్నారు. హీరోయిన్ లాగే స్కూలు గౌను, రెండు జడలు వేసుకుని ఇచ్చాను. మొదటిరోజే వాడు నన్ను అక్కా అన్నాడు. అక్క మొగుడు కాబట్టి మా ఆయన్ని బావ అన్నాడు. ఊరికే అని ఊరుకుంటే బాగుండేది. బావా, అక్కకి రెండు జడలు భలే ఉన్నాయి కదా అని అందరి ముందూ అడిగాడు. యూనిట్ అంతా విరగబడి నవ్వింది. మా ఆయన మాత్రం లెన్స్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన లెన్సే తుడిచాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మొదలైంది. వాడు నీకేం చెప్పాడు, నువ్వెందుకు నవ్వావు, మధ్యాహ్నం నీళ్ళ సీసా వాడి చేతికి నువ్వెందుకిచ్చావు. ముప్పై దాటిన దానికి స్కూలు గౌను ఏమిటని ఒకరోజు, ఆ గౌనులో ఎంత బాగున్నావో తెలిసే నిలబడ్డావని మర్నాడు. ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాను. తేల్చుకోలేదు. మా అత్తగారు పక్కగదిలోంచి విని, "వీళ్ళ నాన్నా ఇంతే. నేను కిటికీ దగ్గరికి వెళ్తే, నన్ను కాదు, ముందు వీధిలో ఎవరున్నారో చూసేవాడు. చివరికి కిటికీయే మూయించాడు," అంది.

నాకూ అసూయ లేకపోలేదు. ఎందుకు దాచాలి? హీరోయిన్ పిల్ల కంటిరెప్ప వాలితే రెప్పతో పాటు మా ఆయన వేలు కదులుతుంది. ఆ పిల్ల ఊపిరి తీసుకుంటే ఈయనకి తెలుస్తుంది. ఇంట్లో నాకు జ్వరం వచ్చినా తెలియని మనిషికి! ఆ పిల్ల తన మార్కు మీదికి రాగానే ఆయన మెడ ఎలా ముందుకి సాగుతుందో పక్కనుంచి చూస్తూ ఉండేదాన్ని. మండిపోయేదాన్ని. అయినా నా మార్కు మీద నేను చీమంత జరిగానా? ఒక్క లైటు నా వల్ల మళ్ళీ సర్దారా? నా మంట నా దగ్గరే ఉంచుకున్నాను. పనికి అంటనివ్వలేదు.

ఇక ఆ రోజు. స్కూలు వరండా సీను. హీరోయిన్‌కి పరీక్షలున్నాయి, మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. మిగిలింది కుర్రాడి ముఖం. ఆమె భుజం మీదుగా తీయాలి. భుజం నాది, జడలు నావి, ముఖం వాడిది. కెమెరా నా వీపు వెనక. మా ఆయన దాని పక్కన. ముందు నేను, అవతల వాడు. ఫోకస్ వాడి మీద ఉండాలి, నేను మసకగా ఉండాలి. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమయ్యే పని.

వాడు డైలాగు మొదలుపెట్టాడు. వెళ్ళకు, వెళ్ళినా ఒకసారి వెనక్కి తిరిగి చూడు అనాలి. ఏమైందో ఏమో, ఆ పూట వాడికి బెదురు పోయింది. కళ్ళ నిండా నీళ్ళు. స్క్రిప్టులో లేకపోయినా వాడు చెయ్యి చాచి నా జడ చివర రిబ్బను పట్టుకున్నాడు. చెప్పాల్సినదంతా ఆ రిబ్బనుకే చెప్పాడు. ఇన్నేళ్ళుగా ఎందరో నటుల ఎదురుగా నిలబడ్డాను, ఇలాంటిది చూడలేదు. మీరు కట్ చెప్పడానికి కూడా చాలాసేపు పట్టింది, డైరెక్టర్ గారూ.

తర్వాత అందరం మానిటర్ ముందు చేరాం. అందులో నా చెవి ఉంది. చెవి వెనక పుట్టుమచ్చ, మెడ మీద తప్పించుకున్న వెంట్రుకలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అవతల కుర్రాడు తడిసిన రంగు మరకలా ఉన్నాడు. రిబ్బను పట్టుకున్న క్షణాన చక్రం తిరిగింది. నా దగ్గరికి వచ్చింది, నా దగ్గరే ఆగిపోయింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక లైట్‌మన్, చెవి బాగా నటించిందన్నాడు. మా ఆయన చూపులు నేల మీద. మళ్ళీ తీశారు, మళ్ళీ తీశారు. కుర్రాడి కళ్ళు ఎండిపోయాయి, డైలాగు పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. సాయంత్రం ఇంటికి వచ్చాక మేనేజరు ఫోన్. రేపటి నుంచి రావక్కర్లేదన్నాడు. మాట్లాడేది మా ఆయనతో అనుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు, నాతోనే.

ఫోన్ పెట్టేసి ఆయన వైపు చూశాను. అంతా ముందే తెలిసినట్టు కూర్చున్నాడు.

"తప్పు నాదని చెప్పొచ్చుగా మీరు," అన్నాను.

"చెప్తే ఏమొస్తుంది? నువ్వు ఇంట్లో ఉంటే నాకు మనశ్శాంతి, వాళ్ళకి ఫోకస్."

"మీ మనశ్శాంతి నా పని తినేసి బతకాలా?"

అత్తగారు గదిలోంచి వచ్చి, కొడుకు వంక ఒక చూపు చూసి, నా పక్కన కూర్చుంది.

మర్నాడు మీ దగ్గరికే వచ్చాను, డైరెక్టర్ గారూ. మీరు కుర్చీలోంచి లేవలేదు. "ఇది మీ ఇంటి వ్యవహారమమ్మా, నేను సినిమా తీసుకోవాలి," అన్నారు. ఇంటి వ్యవహారమైతే ఇంట్లో తేలేది కదా, నా పని మీద ఎందుకు తేల్చారని అడిగాను. అప్పుడు కెమెరామన్ గారు అందుకుని, అలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు, నిలబడటానికేముంది, ఎవరైనా నిలబడతారు అన్నారు. ఆ దొరకని చెయ్యే కదండీ చక్రం తప్పు తిప్పింది. ఇంకో మాట కూడా అన్నారు మీరు, డైరెక్టర్ గారూ, నవ్వుతూ: "అంత అసూయ ఉందంటే నువ్వంటే ఎంత ప్రేమో చూడు."

మీ సినిమాలోనూ అదే పెట్టారు. ఇంకో కుర్రాడు హీరోయిన్‌ని సైకిల్ ఎక్కించుకున్నాడని హీరో ఆ సైకిల్ విరగ్గొడతాడు. చూసి ఆ పిల్ల మురిసిపోయి నవ్వుతుంది. లైట్లు సర్దేటప్పుడు అక్కడ నిలబడింది నేనే. స్టాండిన్ నవ్వక్కర్లేదు కాబట్టి బతికిపోయాను. రేపు ఈ సినిమా చూసి ఎన్ని సైకిళ్ళు విరుగుతాయో, ఎంతమంది ఆడపిల్లలు నవ్వాలేమో అనుకుని నవ్వుతారో మీకు పట్టదు. మనిషి కళ్ళలో నిప్పులు పోసుకుంటే దానికి ప్రేమ అని పేరు పెడతారు. కాలేది ఎవరో చూడరు.

నా చోట కొత్త పిల్లని పెట్టారు. ఆ పిల్ల మార్కు మీద నిలవదట, దిక్కులు చూస్తుందట. ఆమె మీద నాకు కోపం లేదు, ఎవరూ నేర్పలేదు. కానీ మా ఆయన ఆమెకి మార్కు ఓపిగ్గా చూపిస్తున్నాడని, ఒక్క షాటులోనూ ఫోకస్ పోలేదని విన్నాను. విన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు కాలేది నేను. మరి నా మంటకి ఎవర్ని పనిలోంచి తీసేస్తారు?

రేపు వరండా సీను మళ్ళీ తీస్తున్నారు. అక్క లేకపోతే నాకు రాదని కుర్రాడు మీతో చెప్పాడట. మీరు కసిరారట. కాబట్టి అడుక్కోవడం అయిపోయింది, చెప్తున్నాను. నన్ను మళ్ళీ మార్కు మీద నిలబెట్టండి. ఆ కొత్త పిల్లని ఇంటికి పంపకండి, నేను పని నేర్పుతాను. ఆ షాటుకి చక్రం మా ఆయన చేతికి ఇవ్వకండి, కెమెరా రెండో అసిస్టెంటు ఉన్నాడు, ఇవ్వండి. మొదటి లైటు వెలిగే ముందు, ఆ రోజు తప్పు ఎవరిదో యూనిట్ అందరి ముందూ మా ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన చెప్పకపోతే మీరు చెప్పండి. పొద్దున యూనిట్ వ్యాను మా వీధి మొదట్లో ఆగాలి. అందులో నాకు సీటు ఉంచండి, మా ఆయన పక్కన మాత్రం వద్దు.