అక్వేరియంలో చెకింగ్

ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశాను. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటే: మొహం చూడకూడదు, చెయ్యి చూడాలి. టికెట్ లేనివాడు మొహంలో ఎంత అమాయకత్వమైనా ఒలకబోస్తాడు గానీ, వాడి చెయ్యి మాత్రం మనం అడక్కముందే జేబు దగ్గరికి పోతుంది. ఆ ఆదివారం అక్వేరియంలోకి అడుగుపెట్టిన పది నిమిషాలకే మా అబ్బాయి వ్యవహారం నాకు నచ్చలేదు. వాడి చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు తడుముకుంటోంది.

అసలు ఆ ప్రయాణమే నాకు అనుమానం. సెలవురోజు పది దాటితే గానీ దుప్పటి దించని మనిషి, పొద్దున్నే స్నానం చేసేసి "నాన్నా, తయారవ్వు, అందరం చేపలు చూడ్డానికి వెళ్దాం" అన్నాడు. బుల్లెమ్మ అడిగిందట. బుల్లెమ్మ అంటే మా మనవరాలు, ఏడేళ్లది. అది అడిగిందల్లా అంత సులువుగా జరిగిపోయే ఇల్లయితే, ఈపాటికి మా ఇంట్లో ఒక గుర్రం ఉండేది.

పైగా కోడలు పొద్దుట్నుంచీ మెత్తగా మాట్లాడుతోంది. ఆమె ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. గొంతు మెత్తబడిందంటే సూది దగ్గర్లోనే ఉందని అర్థం.

నా భయం దేనికో కూడా చెప్పేస్తాను. బుల్లెమ్మని బడి నుంచి తీసుకురావడం నా పని. రిటైరయ్యాక నాకంటూ మిగిలిన డ్యూటీ అదొక్కటే. మూడు వారాల కింద బస్సులో బడికి వెళ్తుంటే, వెనక సీట్లో ఒకడు కండక్టర్ని చూసి నిద్ర నటిస్తున్నాడు. వాడి దగ్గర టికెట్ లేదు, నాకు తెలిసిపోయింది. ఎక్కడ దిగుతాడో చూద్దామని ఆఖరి స్టాపు దాకా కూర్చున్నాను. ఒక పిల్ల నాకోసం గేటు దగ్గర ఎదురుచూస్తోందన్న సంగతి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. గుర్తొచ్చి, పడుతూ లేస్తూ వెళ్లేసరికి గంటన్నర ఆలస్యం. మూసిన గేటు ముందు, మెట్టు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కతే కూర్చుంది.

"అమ్మకి చెప్పకేం" అన్నాను.

"చెప్పను" అంది.

కొడుకూ కోడలూ ఆరయితే గానీ ఇల్లు చేరరు కాబట్టి సంగతి అక్కడితో అణిగిపోయింది. అణిగిపోయిందనే అనుకున్నాను.

లోపల చీకటిగా ఉంది, వెలుతురంతా అద్దాల వెనకే. కోడలు ఒక తొట్టి ముందు ఆగింది. "మామయ్యగారూ, దీని పేరు ఇందాక బోర్డు మీద చదివాం కదా, ఏంటది?"

"చిలకచేప" అన్నాను ఠక్కున. నా దగ్గరా ఈ పరీక్షలు!

కాసేపటికి మా అబ్బాయి అందుకున్నాడు. "మనం ఏ తలుపులోంచి వచ్చాం నాన్నా?"

"నాలుగో నంబరు. రంగు కూడా చెప్పాలా?"

వాడు బిత్తరపోయి చూశాడు. నటన బాగానే వచ్చు వీడికి. బుల్లెమ్మ అద్దానికి ముక్కు ఆనించి తాబేలుతో మాట్లాడుతోంది. పళ్లెంలా బల్లపరుపుగా ఉన్న చేప ఒకటి పైకి ఈదుతుంటే, కింది నుంచి నవ్వుమొహంలా కనిపించింది. దాన్నీ నేను నమ్మలేదు.

జెల్లీ చేపల దగ్గర మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుతున్నారు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి చేరాను. "ఇప్పుడే చూపించకు, ఇక్కడే గొడవ చేస్తారు" అంటోంది కోడలు. వాడి చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది. బడివాళ్ల ఉత్తరం! ఇంకేముంది, నా డ్యూటీ ఊడగొట్టడానికే తీసుకొచ్చారు.

"జేబులో ఏముంది? బయటికి తియ్యి" అన్నాను. పాత గొంతు దానంతటదే వచ్చేసింది. పక్కనున్న పెద్దమనిషెవరో కంగారుపడి తన టికెట్ తీసి నాకు చూపించాడు.

"ఏం లేదు నాన్నా."

"ఏం లేదన్నవాళ్లని వేలమందిని చూశాను. బడివాళ్ల ఉత్తరమేగా? అవును, మర్చిపోయాను! గంటన్నర పిల్లని గేటు దగ్గర వదిలేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి! దానికి చేపల పేర్లడిగి నా బుర్ర పరీక్ష చేస్తారా?"

వాడు కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అది నా ప్రవేశ టికెట్. దాని మీద పెద్ద అక్షరాలతో 'వయోవృద్ధులు' అని ఉంది. పోయినేడాది రైల్లో ఎవడో ఆ మాట అన్నందుకు నేను పెట్టె అదిరేలా పోట్లాడాను.

"నువ్వు చూస్తే గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతావని దాచాను..." అంటూ ఆగిపోయాడు. "ఏ గేటు నాన్నా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ గుమ్మడికాయల ఊసే ఎవరూ ఎత్తలేదు.

కోడలు పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "గంటన్నర ఒక్కదానివే ఉన్నావా?"

బుల్లెమ్మ వాళ్లమ్మని చూడలేదు. నన్ను చూసింది. "నేను చెప్పలేదు తాతయ్యా, ఒట్టు!" అంది, కళ్లనిండా నీళ్లతో.

"తెలుసమ్మా. నేనే చెప్పాను."

"భయమేసిందా?" అని అడిగింది వాళ్లమ్మ.

"కొంచెం. తాతయ్యకే ఎక్కువేసింది. పరిగెత్తుకొచ్చి ఏడ్చేశాడు. అందుకే నీకు చెప్పలేదు."

కోడలు లేచి నిలబడింది. ఇప్పుడు గొంతులో మెత్తదనం లేదు. "మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది మామయ్యగారూ. కానీ పిల్ల చేత దాచిపెట్టించారు. రేపు దానికి ఇంకేదైనా జరిగితే, అదీ నాకు చెప్పదు." బుల్లెమ్మ కళ్లు తుడిచి అంది: "రేపట్నుంచి నేను షిఫ్టు మార్చుకుంటాను. దాన్ని నేనే తీసుకొస్తాను."

ట్రాఫిక్ అనొచ్చు, వయసనొచ్చు, కాళ్లనొప్పులనొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను విన్న సాకులన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. సిగ్గేసింది. "సరేనమ్మా" అన్నాను.

బుల్లెమ్మ వచ్చి నా వేలు పట్టుకుంది. వాళ్లమ్మని, వాళ్ల నాన్నని మార్చి మార్చి చూసింది.

"మరి తాతయ్య ఏం చేస్తాడు?" అని అడిగింది.

వాళ్లిద్దరూ నా వైపు తిరిగారు. అది నా మొహంలోకి చూసింది. నాకూ తెలీదు.