అల్లుడికిచ్చిన పన్ను

మా అత్తగారు సూర్యకాంతమ్మ చేసే జంతికల్ని కొరకడానికి పళ్లు చాలవు, గూటం కావాలి. అలాంటి జంతికే ఒకటి కొరికి నా పై వరస ముందుపన్ను సగానికి విరిగింది. ముక్క అరచేతిలో పెట్టుకుని వంటింట్లోంచి బయటికి వస్తుంటే ఆవిడే ఎదురైంది.

"ఏటే ఆ రగతం?"

ఆవిడ చేసిన పిండివంటకి వంక పెట్టినవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు.

"నూతి దగ్గర జారి పడ్డాను అత్తమ్మా" అన్నాను.

నేను పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. నోరే నా పనిముట్టు. పన్ను విరిగాక ఫోర్ అన్నా గాలే, ఫైవ్ అన్నా గాలే. సూపర్‌వైజరు నన్ను బోర్డు మీంచి లేపి బిల్లుల గదిలో కూర్చోబెట్టాడు. కిటికీ కూడా లేని ఆ గదిలో కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది.

వన్ టౌన్‌లో పళ్ల డాక్టరు కరీం బాషా గారి దగ్గరికి వెళ్లాను. ఆయన వేలితో నొక్కి చూసి, "వేరు పక్కాగా ఉంది బేటీ. పీకక్కర్లేదు. ఉన్న సగాన్ని కాస్త అరగదీసి పైన క్యాప్ తొడుగుతాను. పది రోజుల్లో నీ ఫోన్లు నువ్వు చూసుకో" అన్నారు. అక్కడే సరేననాల్సింది. బుద్ధి గడ్డి తిని, ఇంట్లో అడిగి వస్తానన్నాను.

ఇంట్లో అల్లుడున్నాడు. మా ఆడపడుచు కాంతం మొగుడు అర్జునరావు. అతనూ పళ్ల డాక్టరే. మద్రాసులో ఏదో కొత్త వైద్యం నేర్చుకొచ్చి గాజువాకలో క్లినిక్ తెరిచాడు. భోజనాల దగ్గర అత్తగారు నెయ్యి వడ్డిస్తుంటే ఊపొచ్చి చెప్పాడు.

"క్యాపులు పాత పద్ధతి అత్తా. అక్కయ్యకి ఆ మొండి పీకేసి, ఎముకలోకే ఇంప్లాంటని లోహపు మేకు దించేస్తాను. ఎముక పట్టుకోడానికి ఆరేడు నెల్లు పడతాది. ఆనక దాని మీద పన్ను బిగిస్తే ఇంక జన్మలో కదల్దు. మనూళ్లో ఎవరికీ లేదు."

ఆరేడు నెలలు! అన్నాళ్లూ తొర్రి నోటితో బిల్లుల గదిలో. గట్టిగా ఉన్న నా వేరు పోయాక, ఆ ఇనుము ఎముక పట్టుకోకపోతే? ఆ మాట నోటిదాకా వచ్చేలోపే అత్తగారు పంచాంగం తీసి దశమి బాగుందనేసింది.

అందరూ వెళ్లాక అత్తగారితో, నాకు కరీం బాషా గారి క్యాప్ చాలన్నాను.

"అల్లుడు నోరు తెరిసి అడిగింది ఇదొక్కటే. కాదంటే అలిగి కాంతాన్ని ఈడ ఒదిలేసి పోతాడు. ఆడపిల్ల కాపరం కన్నా నీ పన్నెక్కువేటే?"

మా ఆయన రమణమూర్తి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట పాతికమందిని అదిలించే మనిషి. వాళ్లమ్మ ముందు మాత్రం పిల్లి. "ఒక్క పన్నే కదే గౌరీ. ఇంకా బోల్డున్నాయి కదా" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ కోడలి పన్ను అత్త అల్లుడికి దానం చేసింది. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

దశమి నాడు అత్తగారే నన్ను వెంటబెట్టుకుని గాజువాక తీసుకెళ్లింది. క్లినిక్ గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టి వరండాలో రోగుల పక్కన కూర్చుంది. నేను కుర్చీలో పడుకున్నాను. అర్జునరావు ఇంజెక్షన్ చేశాడు. పైపెదవి నాది కాకుండా పోయింది. పటకారు తీశాడు. అది నా పంటికి తగిలి టకటకమని కొట్టుకుంటోంది.

పటకారు పక్కన పెట్టేశాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అక్కయ్యా, నాను ఇది సూడ్డమే గాని ఎవరికీ సెయ్యలేదు. మీ వేరు రాయిలాగుంది. పీకితే పాపం. మీరే ఒద్దని సెప్పండి."

నాకు ఒళ్లు మండిపోయింది.

"నానొద్దంటే మీ అత్త నన్ను బతకనిస్తాదా? నువ్వే సెప్పు తమ్ముడూ, సేతకాదని."

"అంతమంది ముందు అన్నాక ఎలా సెప్తాను? ఆ ఇంట్లో మళ్లీ తలెత్తుకోగలనా?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పటకారు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. పరువు కోసం పీకేసేలాగే ఉన్నాడు.

నాకు భయం వేసింది. కుర్చీలోంచి దూకి వరండాలోకి వచ్చాను. మొద్దుబారిన పెదవితోనే చేతనైనంత గట్టిగా అరిచాను.

"అత్తమ్మా, నాను నూతికాడ పడ్లేదు. నీ జంతిక కొరికితే ఇరిగింది. అవి జంతికలా, మేకులా?"

వరండాలో కూర్చున్నవాళ్లంతా గొల్లుమన్నారు. అత్తగారి ముఖం నల్లబడింది. లేచి నిలబడింది.

"నా సేతి వంటకి వంక పెడతావా? అల్లుడూ, దీని నోట్లో సెయ్యెట్టావంటే నా మీద ఒట్టే! ఏ సాయిబు కాడికి పోతాదో పోనీ!"

"సరే అత్తా, మీ మాట కాదంటానా" అన్నాడు అర్జునరావు. అంత వినయం అతనిలో నేనెప్పుడూ చూడలేదు.

కరీం బాషా గారి క్యాప్ బాగా కుదిరింది. నేను మళ్లీ బోర్డు మీద కూర్చున్నాను. ఫోర్, ఫైవ్ శుభ్రంగా పలుకుతున్నాయి.

ఇంట్లో మాత్రం అత్తగారు జంతికలు చేసిన ప్రతిసారీ నా వాటా రోట్లో వేసి దంచుతుంది. ఆ పొడి గ్లాసులో పోసి, చెంచా వేసి, నలుగురూ చూస్తుండగా ఇస్తుంది. "మా కోడలికి పళ్లు లేవమ్మా, పాపం" అని చుట్టాలకి చెబుతుంది. ఒక్కటి తీసి కరకరమని కొరకాలని నా పళ్లన్నీ దురదపెడతాయి. కొరికితే, మరి ఆ రోజు నా జంతికనెందుకన్నావే అని లేస్తుంది. అప్పుడు నలుగురిలో అలా ఎందుకు అరిచానో, అర్జునరావు గుట్టుతో సహా చెప్పాలి. కాంతం ముఖం చూస్తే చెప్పలేను.

మొన్న పండక్కి అతను నా ఎదుటే కూర్చుని, తలెత్తకుండా జంతికలు నములుతున్నాడు. నేను చెంచాతో పొడి తింటున్నాను. పన్ను దక్కించుకున్నాను గాని, ఆ ఇంట్లో దాంతో కొరికే యోగం లేదు.