చివర నడిచే మనిషి

"తలనొప్పి ఉందా దీదీ?"

"లేదు."

"రాత్రి ఎంత తిన్నారు?"

"నువ్వు చూశావుగా."

"చూశాను కాబట్టే అడుగుతున్నాను. సగం పళ్ళెం గుడారం వెనకాల పారబోశారు. పొద్దుటి నుంచి కాకులు పండగ చేసుకుంటున్నాయి."

గుడారం తలుపు జానెడు తెరుచుకుని హీరాదేవి తులాధర్ ముఖం బయటికి వచ్చింది. అరవై మూడేళ్ళ ముఖం అది. కాఠ్మండులో అసన్ బజారు పక్కనున్న ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ముఖం. బిర్ఖమాన్ వంగి, ఆ ముఖాన్ని సంతలో మేకను చూసినట్టు అటూ ఇటూ చూశాడు. కళ్ళకింద వాపు లేదు. పెదవులు నల్లబడలేదు.

"ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

"పొద్దున్నే ఏం ప్రశ్నలయ్యా ఇవి! రెండుసార్లు."

"ఒకసారి. రెండోసారి జిప్పు తీసి, చలికి జడిసి మళ్ళీ వేసేసుకున్నారు. నేను పక్క గుడారంలోనే ఉన్నాను."

"నీకింకేం పని లేదా?"

"ఇదే నా పని," అని చిరాగ్గా నీళ్ళ సీసా అందించాడు. "ఇది ఖాళీ అయ్యేదాకా గుడారం పీకను."

అతని పని నిజంగా అదే. జట్టు నడుస్తున్నప్పుడు అందరికంటే వెనక నడవాలి. దారి చూపేవాడు ముందుంటాడు, వంటవాళ్ళు అంతకంటే ముందు పరిగెత్తుతారు, సామాను మోసే గాడిదలూ, జబ్బుపడినవాళ్ళని మొయ్యడానికి ఉంచిన ఒక గుర్రమూ వాటి ఇష్టం. వీళ్ళందరి వెనక, అతి నెమ్మదిగా నడిచే మనిషి వెనక, బిర్ఖమాన్ తామాంగ్. ఆ మనిషి ఆగితే ఆగాలి, కూర్చుంటే నిలబడాలి, అబద్ధమాడితే పట్టుకోవాలి. కొండమీద అబద్ధాలన్నీ ఒకే రకం. తలనొప్పి లేదు, బాగానే తిన్నాను, రాత్రి హాయిగా నిద్రపట్టింది. గాలి పలచబడే చోట మనుషులు ప్రాణం కంటే ముందు పరువు చూసుకుంటారనీ, వెనక్కి దింపేస్తారేమోనన్న భయంతో వాంతి కూడా మింగేస్తారనీ అతనికి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. తెలిసీ ప్రతి ఏడూ అవే అబద్ధాలు కొత్త మనుషుల నోట వినాల్సి రావడమే అతని విసుగు.

తూర్పున కాంచన్‌జంగా కింద మొదలైన నడక ఇది. ఇప్పటికి యాభై ఎనిమిదో రోజు. పడమట డోల్పోలో ఈ సెర్లుంగ్ కనుమ దాటితే ఇక దారంతా దిగుడే. ఐదువేల మూడు వందల మీటర్లు. మొత్తం ప్రయాణంలో ఇదే చివరి ఎత్తు.

జట్టు నాయకుడు ఉర్గెన్ ప్రతి పొద్దునా చేసే పని ఆ పొద్దున కూడా చేశాడు. ఒక్కొక్కరి వేలికీ చిన్న పరికరం తగిలించి, నెత్తుట్లో గాలి ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకున్నాడు. ఇద్దరు జర్మన్ అన్నదమ్ములకీ చూశాడు. హీరాదేవికి చూశాడు. వంటవాళ్ళకీ గాడిదలవాళ్ళకీ చూశాడు.

"బిర్ఖే దాయి, అన్నా, నీ వేలు ఇలా ఇవ్వు."

"గుడారం మేకులు మంచులో బిగుసుకుపోయాయి భాయ్. నా వేలు ఇక్కడుంది, వచ్చి పట్టుకో."

ఉర్గెన్ నవ్వి పరికరం జేబులో వేసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషికి చూసేదేముంది?

మేకు పీకడానికి వంగినప్పుడు బిర్ఖమాన్‌కి దగ్గు వచ్చింది. మూడు రోజులుగా వస్తోంది. గాడిదల దుమ్ము అనుకున్నాడు. తల లోపల కణతల దగ్గర ఎవరో గులకరాయి నొక్కుతున్నట్టుంది. దానికి కారణం వంటవాడు కాచిన పాచి టీ అనుకున్నాడు. ఇంకొకరి నోట ఈ మాటలే విని ఉంటే నిన్ననే వాళ్ళ బట్టలు మూటగట్టి కిందికి దింపేసేవాడు.

నడక మొదలైంది. జర్మన్ అన్నదమ్ములు ఉర్గెన్ వెంట చకచకా పోయారు. పావుగంటలో మొదటి మలుపు తిరిగి కనబడకుండా పోయారు. వెనక హీరాదేవి, ఆమె వెనక బిర్ఖమాన్.

"మెల్లగా దీదీ. ముక్కుతో పీల్చండి. మాట్లాడకండి."

"మాట్లాడేది నువ్వే."

"నేను మాట్లాడకపోతే మీరు పరిగెత్తుతారు. ఆ బూటు అంత పైకెత్తడం దేనికి, కవాతా? నేల మీద ఈడ్చండి. ఆఁ, అలా."

నువాకోట్ కొండల్లో అతని ఊరు. పందొమ్మిదో ఏట మూటలు మొయ్యడానికి వచ్చాడు. మంచి కూలీ కాలేకపోయాడు, నడక నెమ్మది. అప్పటి నాయకుడు రెండు ప్రయాణాలు చూసి విసిగిపోయి, "ఎటూ వెనకబడుతూనే ఉన్నావు, ఆ వెనకే ఉండి పడిపోయేవాళ్ళని ఏరుకుంటూ రా," అన్నాడు. తిట్టుగా అన్న మాట ఉద్యోగమైంది. ఆనాటి నుంచీ అతను లోకాన్ని చూసిందంతా ఎవరో ఒకరి వీపు పక్కనుంచే. రకరకాల వీపులు. పాతిక గజాలకోసారి ఆగే వీపులు, ఏడుస్తూ అదిరే వీపులు. పదకొండు మందిని బలవంతంగా కిందికి దింపాడు. అందులో ఒకాయన అతని ముఖాన ఉమ్మేశాడు. కిందికి దిగాక నలుగురు క్షమించమన్నారు, మిగతావాళ్ళు అతని పేరు కూడా అడగలేదు. కనుమల మీద దిగిన ఫొటోల్లో అతను ఒక్కదాంట్లోనూ లేడు. అతను చేరేసరికి ఫొటోలు అయిపోయి అందరూ దిగిపోతుంటారు.

ఏటా ఊళ్ళో ఉండే నాలుగు నెలలూ కూడా పెళ్ళాం సుకుమాయా వెనకే నడుస్తాడు. బజారుకి వెళితే నాలుగడుగులు వెనక. "పక్కన నడిస్తే ఏం పోయింది? పోలీసోడు దొంగని తోలుకొచ్చినట్టు!" అని ఆమె నడిబజార్లో అరుస్తుంది. ఒకటి రెండు అడుగులు ప్రయత్నిస్తాడు. తర్వాత కాళ్ళే వాటంతట అవి వెనకబడతాయి.

"బిర్ఖమాన్ భాయ్?"

హీరాదేవి ఆగి, వెనక్కి తిరిగి చూస్తోంది.

"ఏంటి? తల తిరుగుతోందా?"

"కాదు. నువ్వు నన్ను తిడుతూ మధ్యలో ఆపేశావు. 'ఈ చదువుకున్నవాళ్ళకి' అన్నావు. చదువుకున్నవాళ్ళకి ఏమిటి?"

చదువుకున్నవాళ్ళకి ఏమిటో అతనికి గుర్తు రాలేదు. "నీళ్ళు తాగడం రాదు," అని విసురుగా ముగించాడు.

మధ్యాహ్నానికి సెలయేటి పక్కనున్న ఇసుక మేట చేరారు. పైన కనుమ కనిపిస్తోంది, ప్రార్థన జెండాలు దారప్పోగులంత. ఇక మూడు గంటల దారి. బిర్ఖమాన్ ఉడకబెట్టిన బంగాళాదుంపలు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒకటి తిని చాలంది.

"చాలదు. తినలేదంటే కొండ జబ్బు పట్టిందన్నమాట. లేవండి."

చేతికర్రతో ఇసుకలో పొడుగ్గా గీత గీశాడు. "దీని మీద నడవండి. ఒక పాదం మడమ ఇంకో పాదం బొటనవేలికి తగలాలి. తూలారో, ఇటు నుంచి ఇటే కిందికి."

హీరాదేవి రెండు చేతులూ నడుముకి ఆనించి, నల్లబల్ల ముందు నడిచినట్టు తిన్నగా నడిచింది. చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. ఒక్క అడుగూ గీత తప్పలేదు.

"సరేనా?"

"సరే."

"ఇప్పుడు నువ్వు."

"ఏంటీ?"

"నడువు."

"నేనెందుకు దీదీ? నా కాళ్ళతో వేళాకోళమా?"

"పొద్దుటి నుంచి నీ తిట్లు సగంలో తెగిపోతున్నాయి. నిన్నటిదాకా ఒక్కటి తెగలేదు. నీ రొమ్ములోంచి హుక్కా చప్పుడు వస్తోంది, నాకు వినబడదనుకున్నావా? ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల అబద్ధాలు విన్నాను. నడువు."

ఆ గొంతుకి కాదనడం కుదరలేదు. మొదటి అడుగు వేశాడు. రెండోది వేశాడు. మూడో అడుగు దగ్గర గీత ఎడమకి జరిగింది. బిర్ఖమాన్ తూలి, ఏట్లో ఒక కాలు వేశాడు.

"బూటు అడుగు అరిగిపోయింది," అన్నాడు.

"మళ్ళీ నడువు."

రెండోసారి రెండో అడుగుకే తూలాడు. ఆమె ముఖం చూడకుండా ఇసుక మీద కూర్చున్నాడు. చిత్రంగా, భయం కంటే ముందు ఒళ్ళు మండిపోయింది. కొండ మీద కోపం. వంటవాడి టీ మీద కోపం. ఈవిడ మీద మరీ కోపం.

"నేను ఈ కనుమ ఇరవైసార్లు దాటాను."

"అయితే ఇవాళ నీకు గాలి ఎక్కువిస్తుందా? మందుల సంచి ఏది?"

"ఉర్గెన్ దగ్గర. ముందు నడిచేవాళ్ళ దగ్గరే ఉంటుంది."

"పడిపోయేవాళ్ళు వెనకుంటే మందులు ముందుంటాయా? ఎవరయ్యా ఈ ఏర్పాటు చేసింది?"

"ముప్పై ఏళ్ళుగా నేనూ అదే అడుగుతున్నాను," అని అరవబోయాడు. దగ్గు వచ్చింది. ఇసుక మీద ఉమ్మినదాంట్లో గులాబిరంగు నురుగు కనిపించింది, రొమ్ములో నీరు చేరితే వచ్చే నురుగు. ఇద్దరూ చూశారు. అతను గబుక్కున కాలితో ఇసుక కప్పేశాడు, పిల్లిలాగా.

హీరాదేవి సంచి భుజానికి తగిలించుకుంది. "లే. కిందికి."

"మీరెక్కడికి? మూడు గంటలు నడిస్తే కనుమ. మీరు రిటైరైనప్పటి నుంచి దీనికోసం మెట్లెక్కి దిగి సాధన చేశానన్నారు. ఉర్గెన్ వస్తాడు, మీరు పైకి పొండి."

"నిన్ను ఒక్కడినీ పంపాలా?"

"అతిథి నన్ను దింపిందని తెలిస్తే నా పరువేం కాను? మళ్ళీ ఎవడైనా పనిలో పెట్టుకుంటాడా?"

"పరువు!" అంది ఆమె. "ఇప్పటిదాకా మమ్మల్ని తిట్టింది దీనికే కదూ?"

అతను చేతికర్ర ఆనుకుని లేచాడు.

ఆమె ఒకసారి పైకి, ఆ దారప్పోగుల వైపు చూసింది. చాలాసేపేమీ కాదు, ఊపిరి పీల్చి వదిలినంతసేపే. అప్పుడే ఉన్ని మూటలు వేసిన నాలుగు జడలబర్రెల్ని తోలుకుంటూ డోల్పో మనిషి ఒకామె పైకి పోతోంది. భోజనానికి పైన ఆగి ఉండే ఉర్గెన్‌తో ఏం చెప్పాలో ఆమె చేత రెండుసార్లు చెప్పించుకుని విని పంపింది హీరాదేవి. బిర్ఖే దాయికి బాగాలేదు, మందులు, గుర్రం, వెంటనే.

దిగుడు మొదలైంది. "నువ్వు ముందు నడువు," అంది.

"నేను ముందు నడవను."

"తూలితే పట్టుకోవాలంటే నేను వెనక ఉండాలి. ఇది నీ సూత్రమే."

ముందు ఎవరి వీపూ లేని దారి అది. బిర్ఖమాన్‌కి ఎక్కడ అడుగు వెయ్యాలో ఒక్క క్షణం తెలియలేదు. ఎదురుగా లోయ మొత్తం ఒక్కసారిగా కనిపించింది. ఎర్రమట్టి కొండలు, అడుగున సన్నటి నీలపు ఏరు. ఇన్నిసార్లు వచ్చాడు గానీ ఈ లోయ ఇంత వెడల్పని అతనికి తెలియదు. అది కూడా విసుగే పుట్టించింది. ఇన్నేళ్ళూ ఇది ఇక్కడే ఉందా?

"మెల్లగా," అంది వెనకనుంచి.

"మెల్లగానే పోతున్నాను."

"నీళ్ళు తాగు."

"దీదీ, నా పని నాకు నేర్పకండి."

"తాగు."

తాగాడు. గంట నడిచారు. దారి వెడల్పైన చోట ఆమె పక్కకొచ్చి, ఎడమ చెయ్యి తన భుజం మీద వెయ్యమంటే వెయ్యనన్నాడు. తర్వాత వేశాడు. మూడు వందల మీటర్లు దిగేసరికి రొమ్ములో చప్పుడు కాస్త తగ్గినట్టు అతనికే అనిపించింది. ముఖానికి రంగు వచ్చిందని ఆమె కూడా అంది. నోరు తిరిగి లేచింది.

"ఇక ఈ ఏడాది మీరు కనుమ చూడరు."

"వచ్చే ఏడాది చూస్తాను."

"వచ్చే ఏడాది నేను మీ వెనక రాను. చెప్పినమాట వినరు. అన్నం పారబోస్తారు. ఈ చదువుకున్నవాళ్ళకి..."

"నీళ్ళు తాగడం రాదు. తెలుసు."

అతను నవ్వాడు. ఆమె చూడలేదు గానీ, ఆమె భుజం మీది చెయ్యి కదలడాన్ని బట్టి తెలిసింది.

మలుపు దగ్గర బల్లలాంటి పెద్ద రాయి ఉంది. బూటు లేసు ఊడిందన్నాడు. "నేను కడతాను," అని హీరాదేవి వంగబోయింది. "నా బూటు నేను కట్టుకోలేనా?" అని కసురుకుని రాయి మీద కూర్చున్నాడు. ఆమె సీసా మూత తిప్పుతూ, పైదారి వైపు చూడసాగింది. చాలా పైన, దుమ్ము లేపుకుంటూ ఒక గుర్రం, ముందు పరిగెత్తుతున్న ఒక మనిషి కనిపించారు.

"ఉర్గెన్ వస్తున్నాడు, చూడు."

వెనక నుంచి జవాబు రాలేదు. తిట్టు కోసం ఆమె ఎదురుచూసింది. పరిగెత్తి దిగుతున్నందుకు ఉర్గెన్‌ని ఏదో ఒకటి అంటాడనుకుంది. గాలి వీచింది. ఏరు చప్పుడు వినబడింది. ఆమె తిరిగి చూసింది.

బిర్ఖమాన్ వెనకనున్న కొండకి జారగిలబడి ఉన్నాడు. రెండు లేసు కొసలూ రెండు చేతుల్లోనే ఉన్నాయి. కళ్ళు సగం మూసి, ఎదురుగా లోయకేసి, ఎవరో తనని చాలాసేపు నిలబెట్టినట్టు విసుగ్గా చూస్తున్నాడు.

ఆమె పేరు పెట్టి పిలిచింది. భుజం పట్టి కుదిపింది. మెడ పక్కన వేళ్ళు పెట్టింది. తర్వాత రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అతని వేళ్ళలోంచి లేసు తీసుకుని ముడివేసింది. చిన్నపిల్లలకి వేసినట్టు రెండు ముడులు వేసింది.

ఉర్గెన్ వచ్చి రాయి పక్కన కూర్చున్నాడు. మందుల సంచి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "పొద్దున్న వేలు అడిగాను మిస్, ఇవ్వలేదు," అన్నాడు. "అడిగాను మిస్." హీరాదేవి అతని వీపు మీద చెయ్యి వేసింది.

ఇద్దరూ కలిసి బిర్ఖమాన్‌ని దుప్పట్లో చుట్టి గుర్రానికి కట్టారు. ఉర్గెన్ కళ్ళెం పట్టుకుని ముందు నడిచాడు. "మీరు ముందుకి రండి మిస్, వెనక దుమ్ము," అన్నాడు. ఆమె రాలేదు. గుర్రం వెనకే, దుమ్ములోనే, కాళ్ళు నేలకి ఈడ్చుకుంటూ దిగింది.

వాళ్ళు మలుపు తిరిగేసరికి సాయంత్రపు గాలి లేచింది. లేసు కట్టుకోవడానికని బిర్ఖమాన్ కుడిచేతి ఉన్ని తొడుగు విప్పి పక్కన పెట్టుకున్న సంగతి ఎవరూ గమనించలేదు. బూడిదరంగు తొడుగు ఆ బల్లరాతి మీదే ఉండిపోయింది, బొటనవేలి దగ్గర ఎర్ర ఉన్నితో వేసిన అతుకు; గాలికి ఎగిరిపోకుండా దాని మీద అతనే పెట్టిన గుప్పెడంత రాయి.